వ్రాతలో పలకని వకారం

మదనపల్లెలో నేను చదువుకున్న బడిలో ఒక అయ్యవారు ఉండేవారు. తెలుగూ ఆయనే చెప్పేవారు, ఇంగ్లీషూ ఆయనే చెప్పేవారు. ఇంగ్లీషు పాఠం మొదలుపెట్టే ముందు నల్లబల్ల మీద రెండు మాటలు వ్రాసి, "బి యు టి బట్. మరి పి యు టి పట్ ఎందుకు కాలేదు?" అని అడిగేవారు. మేము నోరు తెరిచేలోగా తానే జవాబు చెప్పేవారు: "ఎందుకంటే దానికి ఒక పద్ధతి లేదు గనక. మన తెలుగు అట్లా కాదు. పలికినట్టే రాస్తాం, రాసినట్టే పలుకుతాం." ఆ మాట వింటే మాకు ఒళ్ళు పొంగేది.

ఆ ఏడు వేసవి సెలవుల తరువాత వ్యాసం వ్రాయమన్నారు. పుంగనూరులో మా అవ్వ ఇంట గడిపిన రోజుల గురించి వ్రాశాను. అవ్వ రాత్రిపూట మిద్దె మీద పక్కన పడుకోబెట్టుకొని కతలు చెప్పేదనీ, ఆమెకు డెబ్బై ఏండ్లనీ వ్రాశాను. కాగితం తిరిగి వచ్చేసరికి "కతలు" అన్నచోట ఎర్రసిరాతో "కథలు" అని ఉంది. "ఏండ్లు" అన్నచోట "ఏళ్ళు" అని ఉంది. రెండు మార్కులు పోయాయి. "పలికినట్టే రాసినాను గదా, అయ్యోరూ" అన్నాను. ఆయన కోపగించుకోలేదు. తల ఎత్తకుండానే, "నువ్వు పలకడమే తప్పు" అన్నారు.

మార్కుల సంగతి త్వరలోనే మరచిపోయాను గాని, ఆ వాక్యం మాత్రం నన్ను వదలలేదు. పలికినట్టు వ్రాయాలనే సూత్రం వినడానికి సులభంగా ఉంటుంది. ఎవరు పలికినట్టు అన్న ప్రశ్న మాత్రం అందులో కనబడకుండా దాగి ఉంటుంది. ఆ ప్రశ్నను పట్టుకొని చాలాకాలం తరువాత ఇంగ్లీషు వర్ణక్రమ సంస్కరణ చరిత్ర చదివాను. అది తిరిగి తిరిగి నన్ను మా ఊళ్ళకే చేర్చింది: చదువుకున్న మదనపల్లె, అవ్వగారి పుంగనూరు, ఉద్యోగరీత్యా కొన్నేళ్ళు ఉన్న కుప్పం.

ముందుగా ఇంగ్లీషుకు న్యాయం చేయాలి. దాని వర్ణక్రమం పద్ధతి లేక అట్లా కాలేదు; ఒకనాటి ఉచ్చారణ దగ్గర నిలిచిపోయి అట్లా అయింది. విలియం కాక్స్‌టన్ ఇంగ్లండులో ముద్రణాలయం నెలకొల్పింది 1476లో. సుమారు 1400కూ 1700కూ నడుమ ఆ భాషలోని దీర్ఘాచ్చులన్నీ స్థానాలు మార్చుకున్నాయి. అంటే అచ్చులో రూపాలు గట్టిపడుతున్న రోజుల్లోనే నోళ్ళలో ధ్వనులు మారిపోతున్నాయి. వీరుడనే అర్థంలో వాడే 'నైట్' మాటకు ముందున్న 'కె', నడుమనున్న 'జి హెచ్' ఒకప్పుడు నిజంగా పలికినవే. దీనికి పండితులు తమవంతు సాయం చేశారు. అప్పు అనే అర్థమున్న 'డెట్' మాటలో 'బి' ఎన్నడూ పలికింది కాదు. లాటిన్ మూలాన్ని గుర్తుచేయడానికి దానిని చొప్పించారు. దీవి అనే అర్థమున్న 'ఐలండ్' మాటలో 'ఎస్' కూడా అట్లా వచ్చినదే, అదీ లేని చుట్టరికాన్ని ఊహించుకొని!

దీనిని చక్కదిద్దాలని చూసినవారికి లోటు లేదు. అమెరికాలో నోవా వెబ్‌స్టర్ 1828 నాటి నిఘంటువుతో కొన్ని మాటల్లో అక్షరాలు తగ్గించి నెగ్గుకువచ్చాడు. 1906 ఆగస్టులో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ 300 మాటలకు సరళమైన వర్ణక్రమాన్ని ప్రభుత్వ ముద్రణలో వాడాలని ఆజ్ఞాపించాడు. పత్రికలు నవ్వాయి, చట్టసభ ఒప్పుకోలేదు. ఆ ఏడాది ముగిసేలోగా ఆయన వెనక్కు తగ్గవలసి వచ్చింది. బ్రిటిషు పార్లమెంటులో 1949లో మాంట్ ఫాలిక్ అనే సభ్యుడు తెచ్చిన వర్ణక్రమ బిల్లు 84 – 87 ఓట్లతో, కేవలం మూడు ఓట్ల తేడాతో ఓడిపోయింది. 1950లో మరణించిన బెర్నార్డ్ షా ఇంగ్లీషుకు కనీసం 40 అక్షరాల కొత్త లిపి కావాలని వీలునామాలో డబ్బు కేటాయించిపోయాడు. ఆ లిపి తయారై, ఆయన నాటకం ఒకటి అందులో 1962లో అచ్చయింది కూడా. చదివేవారే కరవయ్యారు.

ఈ షాకు మా మదనపల్లెతో ఒక దూరపు చుట్టరికం ఉంది. లండనులో ఫేబియన్ సంఘంలో ఆయనతో కలిసి పనిచేసిన స్నేహితురాలే అనీ బిసెంట్. ఆమె చొరవతోనే 1915లో మదనపల్లెలో థియోసాఫికల్ కళాశాల వెలిసింది. తమాషా ఏమంటే, పలికినట్టే వ్రాసే మన భాషలో ఆమె పేరు ఈనాటికీ ఒక రూపానికి కుదురుకోలేదు. బిసెంట్, బీసెంట్, బెసెంట్ అని మూడు విధాలా కనిపిస్తుంది.

సంస్కర్తలు ఎందుకు ఓడిపోయారు? బద్ధకం, అలవాటు, అచ్చయిన కోట్ల పుస్తకాలు, ఇవన్నీ నిజమైన కారణాలే. అయితే అసలు చిక్కు మా అయ్యవారి వాక్యంలోనే ఉంది. 'కార్' అన్న మాటలో చివరి రేఫను లండను చదువరి పలకడు. అమెరికావాడు, స్కాట్లండువాడు, ఐర్లండువాడు పలుకుతారు. పలికినట్టు వ్రాద్దామంటే ఎవరి కారును వ్రాయాలి? ఆ ఒక్క 'ఆర్' అక్షరం ఉండబట్టే అందరూ ఒకే పుస్తకం చదువుకోగలుగుతున్నారు. అస్తవ్యస్తమైన వర్ణక్రమం ఎవరి ఉచ్చారణకూ పూర్తిగా చెందదు గనుకనే అందరిదీ అయింది.

ఈ సంగతి మా దారుల్లోని బోర్డుల మీద కూడా కనిపిస్తుంది. మదనపల్లె నుండి పుంగనూరు మీదుగా చిత్తూరు వైపు వెళ్ళేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలను గమనించండి. చిత్తూరులో ఊరికి రెండు 'ఓ'లు ఉంటాయి. పుంగనూరులో ఊరికి ఒక్క 'యు' ఉంటుంది. ఊరు ఊరే, దీర్ఘం దీర్ఘమే. వ్రాత మాత్రం రెండు రకాలు. మన పేర్లను రోమన్ లిపిలో ఎట్లా వ్రాయాలన్నదానిపై దొరలు వందేళ్ళు తగవులాడుకున్నారు. విలియం జోన్స్ 1788లో ప్రకటించిన పద్ధతి అచ్చులను లాటినులో లాగా పలకమంటుంది. గిల్‌క్రిస్ట్ పద్ధతి ఇంగ్లీషువాడు చదివితే చెవికి సరిపోయేట్టు రెండు 'ఓ'లూ రెండు 'ఇ'లూ వాడుతుంది. చివరకు 1870లలో హంటర్ దొర పద్ధతి నిలిచింది. పేరుపడిన ఊళ్ళకు పాత అలవాటును ఉంచి, తక్కినవాటికి క్రమం పాటించాలనే రాజీ అది. ఒకే జిల్లాలోని రెండు ఊళ్ళకు రెండు తీర్పులు రావడం అటువంటి రాజీలకు సహజమే.

మా పొరుగున ఉన్న కడప సంగతి ఇంకా చెప్పుకోదగినది. సి, యు, డి, డి, ఎ, పి, ఎ, హెచ్ అని పాత వర్ణక్రమం. దానిని చూసి తెల్లవారికి మన పేర్లు పలకడం రాదని మనం నవ్వుకున్నాం. కాని ఆ రోజుల్లో అది శ్రద్ధగా చెవితో విని వ్రాసిన రూపమే. 'బట్'లో ఉన్న 'యు' అకారమే కదా! ఆ 'యు'తో ఇంగ్లీషువాడు "కడ" అనే పలుకుతాడు. 2005లో ప్రభుత్వం దానిని మార్చి కె, ఎ, డి, ఎ, పి, ఎ అని నిర్ణయించింది. మనకు అది సరిగ్గా సరిపోయింది. అది తెలియని ఇంగ్లీషువాడు చదివితే "కడాపా" అంటాడు. రెండూ పలికినట్టు వ్రాసినవే; ఒకటి వారి నోటికి, ఒకటి మన నోటికి. మన ఊరు గనుక మన నోటికి సరిపోవడమే న్యాయమని నా అభిప్రాయం. అయితే అది న్యాయానికి సంబంధించిన విషయం, ధ్వనిశాస్త్రానిది కాదు.

ఇక మదనపల్లెకు వస్తాను. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ టాగోరు మదనపల్లెకు వచ్చారు. కళాశాల ప్రధానాచార్యుడు ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్. టాగోరు అక్కడ విద్యార్థుల ముందు జనగణమన పాడారు. కజిన్స్ భార్య మార్గరెట్ సంగీతం తెలిసిన మనిషి. ఆ పాటకు స్వరలిపి వ్రాసింది. 1919 ఫిబ్రవరి 28 తేదీతో టాగోరు స్వహస్తంతో వ్రాసిన ఇంగ్లీషు అనువాదం మదనపల్లెలో పుట్టినదే. ఇంతవరకు మా ఊళ్ళో పిల్లలందరికీ తెలుసు.

నేను ఆలోచించేది మరొక విషయం. ఆనాడు విద్యార్థులు చెవులతో విన్నదేమిటి? ఆ పాట బెంగాలీలో వ్రాసినది. బెంగాలీలో అకారం తరచు ఒకారానికి దగ్గరగా పలుకుతుంది. కనుక మొదటి మాట టాగోరు నోట "జొనొగొనొమొనొ" వంటి ధ్వనితో వెలువడి ఉంటుంది. బెంగాలీలో వకారం బకారమవుతుంది. ణకారానికీ నకారానికీ భేదం లేదు. ఇకారం హ్రస్వమైనా దీర్ఘమైనా ఒక్కతీరే. శ, ష, స మూడూ చాలాచోట్ల 'శ' లాగానే పలుకుతాయి. 'భాగ్య' అని వ్రాసి 'భాగ్గో' అంటారు. వ్రాతకూ పలుకుబడికీ దూరమున్న భాష కావాలంటే ఇంగ్లండు దాకా పోనక్కరలేదు.

అదే పాటను మనం తెలుగు లిపిలో వ్రాసుకొని, మన అకారాలతో, మన వకారంతో పాడుకుంటున్నాం. తమిళులు తమ నోటితో, పంజాబీలు తమ నోటితో పాడుతున్నారు. 1950 జనవరి 24న అది జాతీయగీతమైంది. టాగోరు తాను పలికినట్టే అక్షరాలు పొదిగి ఉంటే, దానిని దేశమంతా ఇంత సులభంగా తనదిగా గుర్తుపట్టేదా? పలుకుబడులు ఎన్ని ఉన్నా కలుసుకునే కూడలిగా పనిచేసింది ఆ పాత సంస్కృత వర్ణక్రమమే. అట్లాగని టాగోరు పాతదానినే పట్టుకు వేలాడిన మనిషి కాదు. బెంగాలీ వర్ణక్రమానికి నియమాలు కావాలని కోరినవారిలో ఆయనే ముఖ్యుడు. కలకత్తా విశ్వవిద్యాలయం 1936లో ప్రకటించిన నియమాలకు ఆయన ఆమోదం ఉంది. ఏది వదలాలో, ఏది ఉంచుకోవాలో తూచి చూసే పని అది.

ఇక్కడ మా అవ్వను తలచుకోవాలి. ఎవరింటనైనా మంచి జరిగితే ఆమె "వాళ్ళ బాగ్గెం" అనేది. బెంగాలీ భాగ్గోకూ పుంగనూరు బాగ్గేనికీ ఎంత దగ్గరితనం! నోరు రెండుచోట్లా ఒకే పని చేసింది. బెంగాలీ పాత వ్రాతను ఉంచుకొని కొత్తగా పలికింది. తెలుగు మాత్రం అటువంటి మాటలకు రెండు రూపాలనూ వ్రాతలోనే ఒప్పుకున్నది. సంధ్య అనీ వ్రాస్తాం, సందె అనీ వ్రాస్తాం. విద్యా ఉన్నది, విద్దే ఉన్నది. ప్రకృతి వికృతులని మనం బట్టీపట్టిన పట్టిక నిజానికి మన పూర్వుల వర్ణక్రమ సంస్కరణల చిట్టా. పెద్ద తరగతులకు వచ్చాక ఆ పట్టికలో కథకు వికృతి కత అని చదివినప్పుడు, నాకు పోయిన మార్కు గుర్తుకు వచ్చి చాలాసేపు నవ్వుకున్నాను. ఏ వ్యాకరణం పేరు మీద దానిని కొట్టివేశారో ఆ వ్యాకరణమే దానిని ఒప్పుకున్నది!

మరి మిగిలిన రెండవ మార్కు సంగతి? అది కుప్పంలో తేలింది. కుప్పం మూడు రాష్ట్రాలు కలిసే మూల. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని అక్కడ నెలకొల్పడంలో ఔచిత్యం ఉంది. అక్కడి సంతలో బేరం ఒక భాషలో మొదలై మరొక భాషలో ముగుస్తుంది. మూడు అనే అంకెనే తీసుకోండి. కన్నడిగుడు మూరు అంటాడు. తమిళుడు చదివేటప్పుడు మూండ్రు అనీ, మాట్లాడేటప్పుడు మూణు అనీ అంటాడు. మనం మూడు అంటాం. కాని పాత తెలుగు పుస్తకాలలో అది అరసున్నతో 'మూఁడు'. ఆ అరసున్న ఎందుకో నాకు బడిలో ఎవరూ చెప్పలేదు. కుప్పంలో తమిళం వింటూ ఉండగా తెలిసింది: తమిళుడి మూండ్రులో నిండుగా పలికే అనునాసికం మన నోట కరిగిపోయి, వ్రాతలో అరచుక్కగా మిగిలింది.

అట్లాగే 'ఏడు' అంటే అంకె; సంవత్సరమనే అర్థంలో పాతవారు వ్రాసినది 'ఏఁడు'. పలకడంలో రెండింటికీ తేడా లేదు. కాని బహువచనం చేయగానే దాగిన సున్న బయటకు వస్తుంది: ఏండ్లు! ఇంగ్లీషులో 'సైన్' మాటలో పలకని 'జి', 'సిగ్నేచర్' అనగానే పలికినట్టు. నా కాగితంలో ఎర్రసిరా పడిన "ఏండ్లు" తప్పు కాదు. పాత తెలుగు మా సీమ నోళ్ళలో నిలిచి ఉన్న చోటు అది. ఏళ్ళు దానికంటె ఎక్కువ శుద్ధమైనదేమీ కాదు. అది వేరొక ప్రాంతపు పలుకుబడి, అంతే.

అయితే అరసున్నను మళ్ళీ పిల్లల నెత్తిన పెడదామా? కూడదు. ఈ పోరాటం నూరేళ్ళ నాడే జరిగింది. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వెలువడిన తరువాత, కావ్యభాషకు చెప్పిన నియమాలే బడిపిల్లల వచనానికీ కొలబద్దలయ్యాయి. పలకని అరసున్నలూ, రేఫతో కలిసిపోయిన శకటరేఫమూ తప్పితే మార్కులు పోయేవి. గిడుగు రామమూర్తి పంతులుగారు దీనిపై ధ్వజమెత్తారు. ఇంగ్లండులో వర్ణక్రమ సంస్కరణను సమర్థించిన హెన్రీ స్వీట్ వంటి ధ్వనిశాస్త్రవేత్తల రచనలు ఆయనకు పరిచయమే. 1913లో ఆయన ఆధునిక తెలుగును సమర్థిస్తూ ఇంగ్లీషులో విజ్ఞాపన పత్రం వ్రాస్తే, అదే ఏడు జయంతి రామయ్య పంతులుగారు గ్రాంథికాన్ని సమర్థిస్తూ గ్రంథం వ్రాశారు. ప్రభుత్వ స్థాయిలో గిడుగువారు అప్పుడు ఓడిపోయారు. పత్రికల్లో, కథల్లో, చివరకు బడుల్లో గెలిచారు. రూజ్‌వెల్ట్ ఆజ్ఞ సాధించలేనిది ఆజ్ఞ లేకుండానే తెలుగులో జరిగింది.

కాని ఆ విజయంలోనూ ఒక మెలిక ఉంది. గిడుగువారు కోరినది శిష్టుల వ్యవహారం. శిష్టులెవరు? పత్రికల ద్వారా స్థిరపడిన భాషలో కృష్ణా గోదావరి తీరాల పలుకుబడికి పెద్దపీట పడింది. "పలికినట్టు వ్రాయండి" అన్న పిలుపు సీమ పిల్లల దాకా వచ్చేసరికి "మేము పలికినట్టు వ్రాయండి" అయింది. మా జిల్లావాడైన నామిని సుబ్రహ్మణ్యం నాయుడు తన పుస్తకానికి "సినబ్బ కతలు" అని పేరు పెట్టినప్పుడు, ఆ 'స'కారమూ ఆ 'త'కారమూ అచ్చుతప్పులు కావు, బాకీ వసూలు. ఆ పేరు అట్టమీద మొదటిసారి చూసినప్పుడు నా కళ్ళు చెమర్చాయని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

పోనీ, ఈనాటి తెలుగులోనైనా పలికినట్టే వ్రాస్తున్నామా? చలిలోని చకారమూ చంద్రుడిలోని చకారమూ ఒకటి కావు. జాలిలోని జకారమూ జాతిలోని జకారమూ ఒకటి కావు. వ్రాసేది మాత్రం ఒకే అక్షరంతో. దంత్యాలకు వేరుగా ౘ, ౙ అక్షరాలు యూనికోడులో 2008లోనే చేరాయి గాని, వాటి కోసం ఎవరూ తహతహలాడడం లేదు. తెలుగు పిల్లవాడికి ఆ తేడా పుట్టుకతో తెలుసు. 'బట్', 'పుట్' తేడా ఇంగ్లీషు పిల్లవాడికి తెలిసినట్టే. మరొకవంక మనం కీబోర్డు మీద ఇంగ్లీషు అక్షరాలు నొక్కి తెలుగు వ్రాసుకుంటున్నప్పుడు, ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క ధ్వని కచ్చితంగా కట్టబెట్టి, షా కలగన్న సంస్కరణను చడీచప్పుడు లేకుండా అమలుచేస్తున్నాం. ఇంగ్లీషుకు దక్కని క్రమం దాని అక్షరాలకు తెలుగు దగ్గర దక్కింది.

ఇన్ని చదివాక నేను చేరుకున్న అభిప్రాయం ఇంతే. వర్ణక్రమానికి రెండు పనులున్నాయి. వేరువేరుగా పలికేవారిని ఒక చోట కలపడం ఒకటి. కొత్తగా నేర్చుకునేవారికి దారి సులువు చేయడం రెండవది. మొదటిదాని కోసం పాత గుర్తులు కొన్ని ఉండవలసిందే. కాని వాటి చోటు నిఘంటువులలో, పండితుల బల్లల మీద. పిల్లల కాగితాల మీద ఎర్రసిరాగా మారినప్పుడు అవి తమ పని మరచిపోయినట్టే. ప్రమాణరూపం నేర్పవద్దని నేను అనను. "ఏండ్లు అని మన వైపు అంటారు, ఏళ్ళు అని పత్రికల్లో వ్రాస్తారు, రెండూ తెలుసుకో" అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఆ ఒక్క వాక్యంతో పిల్లవాడికి రెండు రూపాలూ వస్తాయి. "నువ్వు పలకడమే తప్పు" అన్న వాక్యంతో వాడి అవ్వే తప్పయిపోతుంది.

ఈ వ్యాసమంతా 'వ్రాయడం' అని వకారంతో వ్రాస్తూ వచ్చానని చదువరులు గమనించే ఉంటారు. ఎవరూ పలకని వకారం అది. నేనూ పలకను. వ్రాయడమనే అర్థమున్న ఇంగ్లీషు 'రైట్' మాటకు ముందు కూడా అటువంటి పలకని 'డబ్ల్యు'యే ఉండడం కాకతాళీయమే గాని ముచ్చటగా ఉంటుంది. క్రొత్తను కొత్త అని వ్రాసే నేను దీన్నొక్కదానిని ఎందుకు వదలలేదంటే, నాకు బలపం పట్టుకోవడం నేర్పిన ఆ అయ్యవారే ఈ వకారమూ నేర్పారు. చెయ్యి వినదు. మా ఇంట్లో పిల్లలు "రాయడం" అనే రాస్తారు. వారిని నేను దిద్దను.